మంచి మనసుకు పనితనం తోడైతే...

ఎదుటివారి కష్టం చూసి కదిలిపోయే పిల్లలు మన ఇళ్లలో చాలామందే ఉన్నారు. ఆ గుణాన్నే బతుకుదెరువుగా మలచుకోవచ్చని వాళ్లకు చెప్పేవాళ్లే తక్కువ. సోషల్ వర్క్‌కు ప్రత్యేకమైన చదువుంది. చట్టాల్లో చోటుంది. ఉద్యోగాలున్నాయి, ఎదిగే దారులున్నాయి. ఇబ్బందులూ ఉన్నాయి. ఈ రంగంలోకి రావాలనుకునే యువత కోసం, పంపాలా వద్దా అని ఆలోచిస్తున్న తల్లిదండ్రుల కోసం ఈ ముఖచిత్ర కథనం.

ముహూర్తాల రోజులు. తెల్లవారితే పెళ్లి. పెళ్లికూతురు పదో తరగతి పిల్ల. క్లాసులో పక్కన కూర్చునే స్నేహితురాలో, బడి టీచరో చైల్డ్‌లైన్ నంబరు 1098కి ఫోన్ చేస్తారు. మన రెండు రాష్ట్రాల్లోనూ తరచూ జరిగేదే ఇది. మర్నాడు జిల్లా పేజీలో 'బాల్య వివాహాన్ని అడ్డుకున్న అధికారులు' అంటూ నాలుగు లైన్ల వార్త వస్తుంది. అందులో కనిపించని పని చాలా ఉంటుంది.

కబురందగానే జిల్లా బాలల సంరక్షణ విభాగం సిబ్బంది, ఐసీడీఎస్ సూపర్‌వైజర్, పోలీసులు ఊరికి వెళ్తారు. బడి రికార్డులో పుట్టినతేదీ చూస్తారు. 2006 నాటి బాల్య వివాహాల నిషేధ చట్టం ఏం చెబుతోందో పెద్దలకు వివరిస్తారు. పెళ్లి ఆగుతుంది. అసలు పని అప్పుడే మొదలవుతుంది. పందిరికీ భోజనాలకూ అప్పు తెచ్చామని తండ్రి మండిపడుతుంటాడు. పెళ్లి ఆగిపోయిన పిల్లను రేపు ఎవరు చేసుకుంటారని తల్లి ఏడుస్తుంటుంది. పిల్ల నోరు మెదపదు. ఆమెను ఇంట్లోనే వదిలేస్తే వారం తిరక్కుండా మరో ఊళ్లో గుట్టుగా అదే తాళి కట్టించవచ్చు. ఇంటికి దూరంగా ఉంచితే కన్నవాళ్లకు దూరమైపోయానని కుంగిపోవచ్చు.

2015 నాటి బాలల న్యాయ చట్టం ఇలాంటి బిడ్డను సంరక్షణ అవసరమైన బిడ్డగా గుర్తిస్తుంది. ఆమెను 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి. కుటుంబ పరిస్థితుల మీద సామాజిక విచారణను 15 రోజుల్లో ముగించాలి. ఆ ఇంటికి వెళ్లి, అమ్మానాన్నలతో విడివిడిగా మాట్లాడి, అప్పు ఎంతో, చదువు ఎందుకు ఆపాలనుకున్నారో, ఇంట్లో భయం ఎవరివల్లో తెలుసుకుని నివేదిక రాసేది సోషల్ వర్కర్. పిల్ల ఇంటికి వెళ్లాలా, కస్తూర్బా బాలికా విద్యాలయంలో చేరాలా అన్నది కమిటీ తేల్చేటప్పుడు ఆ కాగితాలే ఆధారం. అవి సరిగా రాస్తే ఒక జీవితం గాడిన పడుతుంది. అరకొరగా రాస్తే చెదిరిపోతుంది.

ఇంత బాధ్యతను జాలి ఒక్కటే మోయలేదు. మనిషి చెప్పనిది వినడం తెలియాలి. చట్టం తెలియాలి. ఏ పథకం కింద ఏం అందుతుందో, ఏ ఆఫీసులో ఎవరిని కలవాలో తెలియాలి. ఇవన్నీ పుట్టుకతో వచ్చేవి కావు. నేర్చుకుంటే వచ్చేవి. అందుకే ఇది వృత్తి.

రాజమహేంద్రవరం నుంచి ప్లానింగ్ కమిషన్ దాకా

ఈ మాటకు తెలుగునేల మీదే గొప్ప ఉదాహరణ ఉంది. 1909లో రాజమహేంద్రవరంలో పుట్టిన దుర్గాబాయికి ఎనిమిదో ఏటే పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆ బంధాన్ని ఆమె కాదనుకున్నారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లారు. తమ మీద మోపిన నేరమేమిటో కూడా తెలియని నిరక్షరాస్యులైన ఖైదీ మహిళలను అక్కడ చూశారు. న్యాయశాస్త్రం చదవాలన్న పట్టుదల ఆమెకు జైల్లోనే కలిగింది. ప్రైవేటుగా మెట్రిక్ కట్టి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో డిగ్రీ చేసి, మద్రాసులో లా చదివి నల్లకోటు వేసుకున్నారు.

1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభను మొదలుపెట్టారు. చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్లను పరీక్షలకు సిద్ధం చేయడం దాని తొలి పనుల్లో ఒకటి. తర్వాత ఆస్పత్రులు, కళాశాలలు వచ్చాయి. రాజ్యాంగ సభలో, ప్లానింగ్ కమిషన్‌లో సభ్యురాలైన దుర్గాబాయి, 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యారు. ఊరూరా ఉన్న చిన్న స్వచ్ఛంద సంస్థలకు ప్రభుత్వ సాయం అందే మార్గం దాంతో ఏర్పడింది. కుటుంబ వివాదాలకు వేరే కోర్టులుండాలని ఆమె గట్టిగా కోరారు. 1984లో వచ్చిన కుటుంబ న్యాయస్థానాల చట్టం కౌన్సెలర్లకూ సంక్షేమ సంస్థలకూ ఆ కోర్టుల్లో చోటు కల్పించింది.

ఆమె జీవితాన్ని దేశభక్తి పాఠంగానే చదువుతుంటాం. సోషల్ వర్క్‌లోకి రావాలనుకునేవారు మరో విధంగానూ చదవాలి. బాధ చూసి కదిలారు. ఆ బాధకు కారణమేమిటో చదువుకున్నారు. తర్వాత తాను లేకపోయినా నడిచే సంస్థను కట్టారు. ఈ మూడు మెట్లూ ఎక్కితేనే సేవ నిలబడుతుంది.

ఏం చదవాలి? ఎక్కడ చదవాలి?

మన దేశంలో ఈ చదువు 1936లో బొంబాయిలో మొదలైంది. సర్ దొరాబ్జీ టాటా పేరిట ఏర్పడిన ఆ పాఠశాలే ఇప్పటి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్. అందరూ టిస్ అంటారు. 1996లో అక్కడి క్షేత్రస్థాయి ప్రాజెక్టుగా పుట్టిందే 1098 చైల్డ్‌లైన్. వీధి బాలల కోసం ఒక నగరంలో మొదలైన ఫోన్ నంబరు దేశమంతా పాకింది. 2023 నుంచి రాష్ట్రాల మహిళా శిశు సంక్షేమ యంత్రాంగమే దాన్ని నడుపుతోంది. ఒక విద్యాసంస్థలో చేసిన ప్రయోగం ప్రభుత్వ వ్యవస్థగా మారిందంటే ఈ చదువు ఎంత దూరం వెళ్లగలదో అర్థమవుతుంది.

ఇంటర్ తర్వాత సోషల్ వర్క్‌లో డిగ్రీ అయిన బీఎస్‌డబ్ల్యూ చేయవచ్చు. మన దగ్గర ఆ కోర్సున్న కాలేజీలు తక్కువ. చాలామంది ఏదో ఒక డిగ్రీ చేసి, రెండేళ్ల పీజీ కోర్సు ఎంఎస్‌డబ్ల్యూలో చేరతారు. బీఏ వాళ్లే రావాలన్న నియమం లేదు. బీఎస్సీ, బీకాం చదివినవాళ్లూ చేరవచ్చు. ఆంధ్ర విశ్వవిద్యాలయం, తిరుపతిలోని శ్రీపద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, ఉస్మానియా, హైదరాబాద్‌లోని మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయాల్లో ఈ విభాగాలున్నాయి. గచ్చిబౌలిలోని రోడా మిస్త్రీ కళాశాలను ఈ చదువు కోసమే పెట్టారు. టిస్‌కు హైదరాబాద్‌లో క్యాంపస్ ఉంది. రాష్ట్ర విశ్వవిద్యాలయాల సీట్లకు తెలంగాణలో సీపీగెట్, ఆంధ్రప్రదేశ్‌లో పీజీసెట్ రాయాలి. టిస్ ప్రవేశాలకు సీయూఈటీ పీజీ దారి. ఉద్యోగం వదల్లేనివారికి ఇగ్నోలో దూరవిద్య ఎంఎస్‌డబ్ల్యూ ఉంది.

కాలేజీని ఎంచుకునేటప్పుడు భవనాన్నీ ఫీజునూ చూసి ఆగిపోవద్దు. సీనియర్లను మూడు ప్రశ్నలు అడగండి. ఫీల్డ్‌వర్క్ నిజంగా జరుగుతుందా, సంతకాలతో సరిపెడతారా? విద్యార్థి రాసిన రిపోర్టును అధ్యాపకులు చదివి, కూర్చోబెట్టి మాట్లాడతారా? గత రెండేళ్లలో చదివినవాళ్లు ఇప్పుడెక్కడ పనిచేస్తున్నారు? ఈ మూడింటికీ సూటిగా జవాబు దొరికితే అది మంచి కాలేజీ.

ఫీల్డ్‌వర్కే ప్రాణం

వైద్య విద్యార్థికి వార్డు ఎలాగో సోషల్ వర్క్ విద్యార్థికి ఫీల్డ్ అలాగ. చాలా కాలేజీల్లో వారంలో రెండు రోజులు దానికే కేటాయిస్తారు. ఒక సెమిస్టర్‌లో బస్తీ, మరో సెమిస్టర్‌లో ఆస్పత్రి, తర్వాత బాలల సదనం. మధ్యలో ఓ పల్లెలో గ్రామీణ శిబిరం. చివర్లో నెలరోజులపాటు ఒకే సంస్థలో పని. తరగతి గదిలో వ్యక్తులతో, బృందాలతో, సమాజంతో పనిచేసే పద్ధతులు చెబుతారు. సంక్షేమ పాలన, పరిశోధన, సామాజిక చర్య కూడా పాఠాలే. వాటికి అర్థం తెలిసేది ఫీల్డ్‌లోనే.

కేసును పద్ధతిగా పరిశీలించడం మీద మేరీ రిచ్‌మండ్ 1917లో పుస్తకం రాసినప్పటి నుంచి ఈ వృత్తి ఒక విషయం మీద నిలబడి ఉంది. సాయం చేయడానికి ముందు పరిస్థితిని పూర్తిగా అర్థం చేసుకోవాలి. ఎదుటి మనిషిని తప్పుపట్టకుండా వినాలి. ఆ మనిషి చెప్పింది గుట్టుగా ఉంచాలి. తన జీవితం మీద చివరి నిర్ణయం ఆ మనిషిదేనని గుర్తుంచుకోవాలి.

ఈ చివరిది పాటించడం అన్నిటికన్నా కష్టం. భర్త కొడుతున్నాడని, మహిళలకు సాయమందించే సఖి కేంద్రానికి వచ్చిన ఒకామె, నాలుగు రోజులాగి మళ్లీ అతని దగ్గరికే వెళ్తానంటుంది. కొత్తగా చేరిన సోషల్ వర్కర్‌కు కోపం వస్తుంది. 'ఇంత చేశాక వెళ్తావా' అని నోటిదాకా వస్తుంది. అలా అంటే ఆమె మరోసారి ఆ గడప తొక్కదు. అనుభవమున్న అక్క ఏం చేస్తుంది? ఎందుకు వెళ్లాలనుకుంటున్నావని అడుగుతుంది. పిల్లల బడి, చేతిలో లేని డబ్బు, పుట్టింటి మాటలు ఒక్కొక్కటే బయటికొస్తాయి. 2005 నాటి గృహహింస చట్టం కింద, తానున్న ఇంట్లోనే ఉండే హక్కు ఆమెకుందని చెబుతుంది. ప్రొటెక్షన్ ఆఫీసర్ ద్వారా గృహహింస నివేదిక ఎలా నమోదవుతుందో వివరిస్తుంది. ఆపద వస్తే మహిళా హెల్ప్‌లైన్ 181కి ఎలా ఫోన్ చేయాలో, ఏ కాగితాలు ఒక సంచిలో సర్దిపెట్టుకోవాలో, ఇరుగుపొరుగులో ఎవరిని నమ్మవచ్చో ఇద్దరూ కలిసి ఆలోచిస్తారు. ఆమె ఇంటికి వెళ్తుంది. ఈసారి ఒంటరిగా మాత్రం వెళ్లదు.

ఉద్యోగాలు ఎక్కడున్నాయి?

బాలల రంగంలో ఎక్కువ మంది తొలి అడుగు పడుతుంది. మిషన్ వాత్సల్య పథకం కింద ప్రతి జిల్లాలో బాలల సంరక్షణ విభాగం ఉంటుంది. అందులో ప్రొటెక్షన్ ఆఫీసర్లు, కౌన్సెలర్, సోషల్ వర్కర్లు, అవుట్‌రీచ్ వర్కర్ల పోస్టులుంటాయి. వాటికి జిల్లాస్థాయిలో ప్రకటనలు వెలువడుతుంటాయి. లైంగిక దాడికి గురైన బిడ్డకు కేసు పూర్తయ్యేదాకా తోడుండే సహాయక వ్యక్తి గురించి పోక్సో నిబంధనలు స్పష్టంగా చెబుతున్నాయి. మహిళల కోసం 2015 నుంచి సఖి వన్‌స్టాప్ కేంద్రాలు పనిచేస్తున్నాయి. హైదరాబాద్ పోలీసులు 2016లో మొదలుపెట్టిన భరోసా కేంద్రంలాంటి చోట్లా కౌన్సెలర్ల అవసరం ఉంది. మహిళా శిశు సంక్షేమ శాఖ సూపర్‌వైజర్, సీడీపీఓ నోటిఫికేషన్లు వచ్చినప్పుడు అర్హతల పేరా జాగ్రత్తగా చదవండి. సోషల్ వర్క్ చదువుకు అక్కడ చోటుంటుంది.

ఆస్పత్రి మరో పెద్ద ప్రపంచం. క్షయ రోగి మధ్యలో మందులు మానేశాడు. డాక్టర్ మళ్లీ అవే మందులు రాస్తాడు. ఎందుకు మానేశాడో కనుక్కునేది మెడికల్ సోషల్ వర్కర్. మాత్రలు వేసుకుంటే కళ్లు తిరుగుతున్నాయి, కూలికి వెళ్లకపోతే ఇల్లు గడవదు. అదీ కారణం. నిక్షయ్ పోషణ్ యోజన కింద చికిత్స కాలంలో రోగి ఖాతాలో పడే డబ్బును 2024 నవంబరు నుంచి నెలకు 500 నుంచి 1000 రూపాయలకు పెంచారు. ఆ డబ్బు పడిందో లేదో చూడటం, కుటుంబానికి జబ్బు గురించి చెప్పడం, దగ్గర్లోని ఆశా కార్యకర్తతో మాట్లాడటం, ఇవన్నీ చికిత్సలో భాగమే. ఆరోగ్యశ్రీ కాగితాలు, వైకల్యం ధ్రువీకరణ కోసం సదరం శిబిరం, క్యాన్సర్ రోగి ఇంటివాళ్లకు ధైర్యం చెప్పడం, ఏఆర్‌టీ కేంద్రంలో హెచ్ఐవీ కౌన్సెలింగ్... జాబితా పెద్దది. అవయవ మార్పిడి సమన్వయకర్త ఉద్యోగానికి 2014 నాటి నిబంధనలు సోషల్ వర్క్ పీజీ చేసినవారికి ప్రాధాన్యం ఇచ్చాయి. బిడ్డను కోల్పోయిన తల్లిదండ్రుల ముందు కూర్చుని అవయవదానం గురించి మాట్లాడాలంటే ఎంత శిక్షణ కావాలో ఊహించవచ్చు.

మానసిక ఆరోగ్యం మీద ఆసక్తి ఉన్నవాళ్లకు దారి స్పష్టంగా ఉంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సైకియాట్రిక్ సోషల్ వర్కర్ ఎవరో నిర్వచించింది. సోషల్ వర్క్‌లో పీజీ, ఆ తర్వాత రెండేళ్లు ఆస్పత్రిలో శిక్షణ పొందుతూ చేసే ఎంఫిల్ ఉండాలి. బెంగళూరులోని నిమ్‌హాన్స్ ఈ చదువుకు పేరున్న చోటు. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తిని నేరస్థుడిగా చూడకుండా, అతనికి చికిత్స, పునరావాసం కల్పించే బాధ్యతను ఈ చట్టం ప్రభుత్వం మీద పెట్టింది. ఆ బాధ్యత ఇంటింటికీ చేరాలంటే మన జిల్లాలకు ఇలాంటి నిపుణులు మరెంతోమంది కావాలి.

పల్లె అభివృద్ధి మీద మనసున్నవాళ్లకు తెలుగు రాష్ట్రాలకన్నా మంచి పాఠశాల లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు సారా దుకాణాన్ని మూయించారు. ఆ చైతన్యమే తర్వాత పొదుపు సంఘాలకు ఊపిరిపోసింది. 2000లో ఏర్పడిన గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్) ఆ సంఘాలను గ్రామ, మండల, జిల్లా సమాఖ్యలుగా అల్లింది. ఇక్కడి మహిళలు కమ్యూనిటీ రిసోర్స్ పర్సన్లుగా బిహార్ దాకా వెళ్లి సంఘాలు ఎలా నడపాలో నేర్పారు. కమ్యూనిటీ కోఆర్డినేటర్లు, అసిస్టెంట్ ప్రాజెక్టు మేనేజర్లు (ఏపీఎంలు) ఈ వ్యవస్థలో ఎన్నో ఏళ్లుగా పనిచేస్తున్నారు. రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ ఈ రంగంలో పీజీ డిప్లొమాలు నడుపుతోంది.

కంపెనీల్లోనూ అవకాశాలున్నాయి. నికర విలువ 500 కోట్లు, టర్నోవర్ 1000 కోట్లు, నికర లాభం 5 కోట్లు, వీటిలో ఏ ఒక్కటి దాటినా ఆ సంస్థ సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాలని 2013 నాటి కంపెనీల చట్టం చెబుతోంది. ఆ నిధులు సరైన ఊరికి, సరైన పనికి చేరేలా చూసే నిపుణులు కావాలి. కార్పొరేట్ ఆఫీసులో కూర్చున్నా, ఊళ్లో దుమ్ము తెలిసినవాళ్లే ఆ పని బాగా చేయగలరు.

ఎంఎస్‌డబ్ల్యూ లేకపోతే?

లేకపోయినా తలుపు మూసుకుపోదు. శాంతా సిన్హా రాజనీతి శాస్త్ర ఆచార్యులుగా పనిచేశారు. ఎం.వి. ఫౌండేషన్ ద్వారా 1991 ప్రాంతంలో రంగారెడ్డి జిల్లాలో బాలకార్మికుల మీద పని మొదలుపెట్టారు. అప్పట్లో చాలామంది పేదరికం వల్ల పిల్లలు పనికి పోతున్నారు, పేదరికం పోతే బడికి వస్తారు అనేవారు. ఫౌండేషన్ ఆ మాటను ఒప్పుకోలేదు. బడికి రాని ప్రతి బిడ్డనూ బాలకార్మికుడిగానే లెక్కించింది. పనిలోంచి వచ్చిన పెద్దపిల్లలను నేరుగా ఒకటో తరగతిలో కూర్చోబెడితే సిగ్గుపడి పారిపోతారు. అందుకని బ్రిడ్జ్ క్యాంపులు పెట్టి, కొన్ని నెలలు చదివించి, వయసుకు తగ్గ తరగతిలో చేర్చింది. ఊరి యువకులు, పంచాయతీ పెద్దలు, టీచర్లు, చివరికి పిల్లలను పనిలో పెట్టుకున్న రైతులు కూడా ఈ పనిలో కలిసొచ్చారు. 2003లో ఆమెకు రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. 2007లో జాతీయ బాలల హక్కుల కమిషన్ తొలి అధ్యక్షురాలయ్యారు.

ఇక్కడ గమనించాల్సింది పద్ధతిని. సమస్యను అందరూ చూసే కోణంలోంచి చూడకపోవడం, పిల్లవాడి సిగ్గును కూడా లెక్కలోకి తీసుకోవడం, ఊరిని శత్రువుగా చూడకుండా కలుపుకోవడం. డిగ్రీ ఏదైనా ఈ పద్ధతి నేర్చుకోవాల్సిందే. టీచ్ ఫర్ ఇండియా, ఎస్‌బీఐ యూత్ ఫర్ ఇండియా, గాంధీ ఫెలోషిప్ లాంటివి ఏ డిగ్రీ చేసినవారికైనా అందుబాటులో ఉన్న శిక్షణ మార్గాలు. ఉపకార వేతనం ఇస్తూ ఫీల్డ్‌లో పనిచేయించి, ఇది మీకు తగిన దారో కాదో తెలుసుకునే అవకాశం కల్పిస్తాయి.

తొలి ఉద్యోగం... తొలి రెండేళ్లు

సంస్థ పేరు కన్నా మీకు పని నేర్పే సీనియర్ ఉన్నారా లేదా అన్నది ముఖ్యం. చేరే ముందు ఆడిట్ రిపోర్టు, వార్షిక నివేదిక చూడండి. రాతపూర్వక నియామక పత్రం, పీఎఫ్, ఫీల్డ్ ప్రయాణ ఖర్చుల గురించి అడగండి. పిల్లలతో పనిచేసే సంస్థ అయితే బాలల రక్షణ విధానం ఉందా అని అడగండి. ఈ ప్రశ్నలకు చిరాకుపడే చోట చేరకపోవడమే మంచిది.

మొదటి రెండేళ్లలో రాయడం నేర్చుకోండి. కేస్ షీట్‌లో చూసింది వేరు, విన్నది వేరు, మీ అభిప్రాయం వేరు. మూడింటినీ కలగాపులగం చేస్తే కోర్టులో నిలబడదు. 'తండ్రి బాధ్యతలేనివాడు' అని రాయడం తేలిక. 'మూడు నెలల్లో రెండుసార్లు ఇంటికి డబ్బు ఇచ్చాడని భార్య చెప్పింది' అని రాయడమే వృత్తి. బడ్జెట్ చదవడం, ఎక్సెల్‌లో లెక్కలు, టూవీలర్ నడపడం చిన్న విషయాలుగా కనిపిస్తాయి కానీ రోజూ అక్కరకొస్తాయి. ఏజెన్సీ ప్రాంతాల్లో పనిచేయాలనుకునేవాళ్లు గోండి, కోయ, కువి భాషల్లో ఏదో ఒకటి పట్టుకోవాలి. తండాలో లంబాడీ మాట వస్తే గడపలోపలికి పిలుస్తారు.

జీతం గురించి మొహమాటం వద్దు

సేవ చేసేవాళ్లు డబ్బు మాట ఎత్తకూడదన్న భావన మన సమాజంలో పాతుకుపోయింది. అది అన్యాయం. జిల్లా స్థాయి పోస్టుల్లో చాలావరకు కాంట్రాక్టు లేదా ఔట్‌సోర్సింగ్‌వే. ప్రాజెక్టు ముగిస్తే ఉద్యోగమూ ముగుస్తుంది. స్వచ్ఛంద సంస్థల్లో పరిస్థితి దాతల మీద ఆధారపడి ఉంటుంది. 2020లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించి పరిపాలన ఖర్చుల పరిమితిని 50 నుంచి 20 శాతానికి తగ్గించారు. ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ నిధులను మరో సంస్థకు ఇవ్వడాన్ని నిషేధించారు. పెద్ద సంస్థల ద్వారా నిధులు అందుకునే పల్లెల్లోని చిన్న సంస్థలకు దాంతో ఊపిరి సలపలేదు.

వైద్యులకూ న్యాయవాదులకూ ఉన్నట్టు ఈ వృత్తి మొత్తానికి దేశంలో ఒక మండలి లేదు. ఎవరైనా సోషల్ వర్కర్‌నని చెప్పుకోవచ్చు. చదివి, శిక్షణ పొందినవాళ్లకు విలువ తగ్గడానికి ఇదో ముఖ్య కారణం. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం వైద్య, మానసిక ఆరోగ్య రంగాల్లోని సోషల్ వర్కర్లను తన పరిధిలోకి తెచ్చింది. ఇది మంచి ఆరంభం. బాలల రంగంలో, మహిళా రంగంలో, జైళ్లలో పనిచేసేవారికీ ఇలాంటి గుర్తింపు కావాలి. ఒక బిడ్డ భవిష్యత్తును తేల్చే నివేదిక రాసే మనిషి వచ్చే నెల జీతం వస్తుందో రాదో తెలియని స్థితిలో ఉండకూడదు. ఈ మాట మన రెండు ప్రభుత్వాలకూ గట్టిగా చెప్పాల్సిందే.

మీ మనసు కూడా ముఖ్యమే

రోజంతా ఇతరుల గాయాల మధ్య పనిచేసేవారికి ఆ గాయాలు అంటుతాయి. నిద్ర పట్టకపోవడం, ఊరికే కోపం రావడం, ఏ కేసు విన్నా ఏమీ అనిపించకపోవడం అలసటకు గుర్తులు. ఇది బలహీనత కాదు. పనివల్ల వచ్చే ప్రమాదం. వారానికోసారి సీనియర్‌తో కేసుల గురించి మనసు విప్పి మాట్లాడే ఏర్పాటు ప్రతి సంస్థలోనూ ఉండాలి. ఫోన్ ఎప్పుడు ఎత్తాలి, ఎప్పుడు ఎత్తకూడదు అన్న నియమం ఉండాలి. జేబులోంచి డబ్బు తీసి ఇవ్వడం, ఇంటికి తీసుకెళ్లడం ప్రేమలా కనిపించినా ఆ కుటుంబాన్ని మీ మీద ఆధారపడేలా చేస్తాయి. గొడవ ఉన్న ఇంటికి ఒంటరిగా వెళ్లొద్దు. ఎక్కడికి వెళ్తున్నారో ఆఫీసులో రాసిపెట్టి వెళ్లండి. మనసు బరువెక్కితే టెలిమానస్ నంబరు 14416 మీకూ పనికొస్తుంది.

అయిదేళ్ల తర్వాత

అయిదేళ్లు దాటేసరికి ఒక రంగంలో లోతు రావాలి. ఫీల్డ్‌ను ఇష్టపడేవాళ్లు కౌన్సెలింగ్‌లోనో మానసిక ఆరోగ్యంలోనో శిక్షణ పొందవచ్చు. దుర్గాబాయిలా లా చదివితే బాలల, మహిళల కేసుల్లో బలం పెరుగుతుంది. సంస్థను నడిపించే నేర్పు ఉన్నవాళ్లు ప్రోగ్రామ్ మేనేజర్లుగా, రాష్ట్ర స్థాయి సమన్వయకర్తలుగా ఎదుగుతారు. బోధన ఇష్టమైతే యూజీసీ నెట్‌లో సోషల్ వర్క్ ప్రత్యేక సబ్జెక్టుగా ఉంది.

చట్టం కూడా అనుభవానికి పెద్దపీట వేసింది. చట్టంతో ఘర్షణ పడ్డ పిల్లల కేసులు వినే బాలల న్యాయమండలిలో మేజిస్ట్రేట్ పక్కన ఇద్దరు సోషల్ వర్కర్లు కూర్చుంటారు. వారిలో ఒకరైనా మహిళ కావాలి. పిల్లల ఆరోగ్యం, విద్య, సంక్షేమ రంగాల్లో ఏడేళ్లు చురుగ్గా పనిచేసినవారు ఆ స్థానానికి అర్హులు. ఊళ్లలో తిరిగిన మనిషి న్యాయపీఠం మీద కూర్చుని ఒక పిల్లవాడికి మరో అవకాశం ఇవ్వాలని చెప్పగలగడం ఈ వృత్తికి దక్కిన గౌరవం.

విదేశాలకు వెళ్లాలనుకునేవారు ముందే తెలుసుకోవాల్సింది ఒకటుంది. బ్రిటన్‌లో రిజిస్ట్రేషన్ లేకుండా సోషల్ వర్కర్ అని పిలుచుకోవడమే నేరం. ఇంగ్లండ్‌లో ఆ రిజిస్ట్రేషన్‌ను 2019 చివరి నుంచి సోషల్ వర్క్ ఇంగ్లండ్ చూస్తోంది. అమెరికాలో ఒక్కో రాష్ట్రం తన లైసెన్స్ తానే ఇస్తుంది. ఎక్కడికెళ్లినా మీ ఫీల్డ్‌వర్క్ గంటల రికార్డు అడుగుతారు. చదువుకునేటప్పుడే ఆ కాగితాలు భద్రం చేసుకోండి.

దరఖాస్తుకు ముందు

ఈ దారి మీకు సరిపోతుందో లేదో ఇంట్లో కూర్చుంటే తేలదు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో పారాలీగల్ వలంటీరుగా చేరవచ్చు. దగ్గర్లోని బాలల సదనంలోనో, వృద్ధాశ్రమంలోనో, ప్రభుత్వ ఆస్పత్రి సహాయ కేంద్రంలోనో అనుమతి తీసుకుని కొన్నాళ్లు పనిచేయవచ్చు. ఫొటోలు దిగడానికి వెళ్లొద్దు. ఫారాలు నింపండి, వరుసలో నిలబడ్డవాళ్లతో మాట్లాడండి, ఒకే సమస్య మీద ఒకే మనిషి ఎన్నిసార్లు తిరగాల్సి వస్తోందో చూడండి.

అమ్మానాన్నలకు ఒక మనవి. మీ అమ్మాయో అబ్బాయో ఎంఎస్‌డబ్ల్యూ చదువుతానంటే 'ఊరికి సేవ చేస్తే మనకేం వస్తుంది' అని తోసిపుచ్చకండి. ఏ కాలేజీ, ఏ రంగం, అయిదేళ్లలో ఎక్కడికి చేరతావని అడగండి. జవాబులు వెతుక్కునేందుకు సమయం ఇవ్వండి. ఆపదలో మన తలుపు తట్టేది చదువూ శిక్షణా ఉన్న మనిషే కావాలని మనమందరం కోరుకుంటాం. ఆ మనిషి ఎవరో ఒకరి ఇంట్లోంచే రావాలి.

యువతకు చెప్పేదొక్కటే. డిగ్రీ చివరి సంవత్సరం సెలవుల్లో ఒక్క నెల పైన చెప్పిన చోట్లలో ఎక్కడైనా పనిచేయండి. అక్కడ మీకు విసుగు వస్తుంది, నిస్సహాయంగా అనిపిస్తుంది, వ్యవస్థ మీద కోపం వస్తుంది. అయినా ఆ సమస్య ఎందుకలా ఉందో తెలుసుకోవాలని, దాన్ని మార్చే పద్ధతి నేర్చుకోవాలని అనిపిస్తే ప్రవేశ పరీక్షకు దరఖాస్తు పెట్టండి. ఈ రాష్ట్రాల్లో మీకోసం ఎదురుచూస్తున్న పని ఎంతో ఉంది.